మిల్లు ఆగింది, ట్యాంకు ఆగలేదు

పాడుబడ్డ ఫ్యాక్టరీ జాగాను కొత్త పనికి పరిశీలించేవారు చేయవలసినవి, చేయకూడనివి

మాక్లూర్ నుంచి బోధన్ పోవాలంటే నిజామాబాద్ దాటి సారంగాపూర్, జానకంపేట, ఎడపల్లి మీదుగా పోతాం. దారిలో సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ, దారి చివర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. రెండూ మూతపడ్డవే. 1931 నాటికి నిజాంసాగర్ కట్ట పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారాయి. నీళ్ల వెంట చెరుకు వచ్చింది, చెరుకు వెంట 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోకెల్లా పెద్దదని మా పెద్దలు గొప్పగా చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీలో 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. ఆ తర్వాత దివాలా కేసు, కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ, లిక్విడేషన్. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ కోసం కమిటీ వేసింది.

మళ్లీ చెరుకు ఆడించాలనేవారు ఒక పక్క, ఆ జాగాలో ఇంకేదైనా పెట్టాలనేవారు ఒక పక్క. ఎవరి మాట నెగ్గినా ముందుగా గేటు తీసి లోపలికి పోయేది మాత్రం నలుగురే: సర్వేయరు, ఇంజనీరు, తుక్కు కొనే కాంట్రాక్టరు, దారి చూపే వాచ్‌మన్. ఈ నాలుగు మాటలు వాళ్ల కోసం. బోధన్ అంత పెద్దది కాకపోయినా, మన మండలాల్లో ఆగిపోయిన రైస్ మిల్లు, ఇటుక బట్టీ, పాత గోదాము కొని షెడ్డో వెంచరో వేద్దామనుకునే వారికీ ఇవే పనికొస్తాయి.

"చక్కెర ఫ్యాక్టరీయే కదా, తినే సరుకు చేసిన చోట విషం ఏముంటుంది?" అని అడుగుతారు. జాగా బేరాల్లో తరచూ వినే ప్రశ్న ఇది. దీనికి జవాబు రావాలంటే ఫ్యాక్టరీ ఎలా నడిచేదో మూలమూలనా గుర్తు చేసుకోవాలి.

కాగితం ముందు, కాలు తర్వాత

జాగా చూడటానికి పోయే రోజుకు వారం ముందే పని మొదలు కావాలి. పాత పహాణీలు, ఫ్యాక్టరీ లేఅవుట్ నకలు, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రాలు, పదిహేను ఇరవై ఏళ్ల కిందటి ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకోండి. ఇవాళ చదునుగా, పచ్చగా కనిపించే మూల ఒకప్పుడు మురుగు గుంట అయి ఉండొచ్చు. పాత చిత్రంలో అది నల్లటి చతురస్రంగా కనిపిస్తుంది. బేరానికి వచ్చినవాడు మొట్టమొదట చూసేది ఆ చదును మూలనే, "ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు" అనేదీ దాన్ని చూసే.

జాగా ఎవరి స్వాధీనంలో ఉందో (యజమానా, బ్యాంకా, లిక్విడేటరా) వారి రాతపూర్వక అనుమతి లేకుండా లోపలికి పోవద్దు. ప్రహరీ కూలిన చోట నుంచి దూరిపోతే ప్రమాదం జరిగినప్పుడు మీరు లోపల ఉన్న సంగతి ఎవరికీ తెలియదు. గేటు దగ్గర పుస్తకంలో పేరు, పోయిన వేళ, తిరిగి వచ్చే వేళ రాయండి. ఆ వేళ దాటితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా అక్కడే రాసి పెట్టండి.

2025 జులైలో కేంద్రం కలుషిత ప్రదేశాల నిర్వహణకు నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న జాగాల జాబితాను స్థానిక సంస్థ, జిల్లా యంత్రాంగం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. ఆ తర్వాత మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన చేయాలి. అంటే ఇది పట్నం ఆఫీసుల పని మాత్రమే కాదు, పంచాయతీకీ ఇందులో పాత్ర ఉంది. అనుమానం ఉన్న జాగా గురించి సర్పంచి, కార్యదర్శి ఒక కాగితం రాసి పంపడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ట్యాంకు

ఇక్కడ కాసేపు ఆగాలి. పాడుబడ్డ ఫ్యాక్టరీల్లో మనుషుల ప్రాణాలు పోయేది కూలిన గోడ కిందే కాదు, మూత ఉన్న గుంతల్లో కూడా.

చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం మొలాసిస్. చిక్కగా ఉన్నన్నాళ్లు అది పెద్దగా పులియదు. పై రేకు తుప్పు పట్టి కన్నం పడి, రెండు మూడు వానాకాలాల నీళ్లు దిగితే పలచబడి పులుస్తుంది. అప్పుడు కార్బన్ డయాక్సైడ్, దాంతో పాటు సారా ఆవిరి పుడతాయి. మురుగు తొట్ల అడుగున బురద కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వస్తాయి. మిల్లు ఆగి పదేళ్లయినా ఈ పనికి సెలవు లేదు. విశాఖలో 2020 మే 7న తెల్లవారుజామున ఒక ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయిన సంగతి మరిచిపోలేదు కదా. లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి ప్లాంటు ఆగి ఉంది, ట్యాంకులో సరుకు మాత్రం తనంతట తాను వేడెక్కింది.

హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు చేరే సరికి ముక్కు మొద్దుబారుతుంది. "ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు లేదు, పోయినట్టుంది" అని ఎవరన్నా అంటే అందరూ వెనక్కి పరుగు తీయాల్సిన క్షణం అదే.

పాత బావిలో దిగే ముందు మన పెద్దలు లాంతరు దించి చూసేవారు. దీపం ఆరితే దిగేవారు కాదు. తెలివైన పద్ధతే. కానీ మొలాసిస్ ట్యాంకు దగ్గర, మురుగు తొట్టి దగ్గర ఆ పని చేయవద్దు. లోపల మంట అంటుకునే ఆవిరి ఉంటే దీపం ఆరదు, ట్యాంకే పేలుతుంది. అగ్గిపుల్ల, బీడీ, సెల్‌ఫోన్ టార్చి ఏదీ మ్యాన్‌హోల్ దగ్గరికి తేవద్దు.

గాలిని కొలవడానికి మీటరు కావాలి. అద్దెకు దొరికే నాలుగు వాయువుల మీటరు ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూపిస్తుంది. అందులో కార్బన్ డయాక్సైడ్ లేదు. చక్కెర ఫ్యాక్టరీ ట్యాంకులకు ఇది చాలా పెద్ద లోటు, చాలామంది ఇంజనీర్లు కూడా గమనించరు. లెక్క చూడండి: మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. కార్బన్ డయాక్సైడ్ 5 శాతం చేరితే ఆక్సిజన్ సుమారు 19.9కి తగ్గుతుంది, అంతే. మీటరు 19.5 దాకా అరవదు. కానీ కార్బన్ డయాక్సైడ్ 4 శాతం దాటితే చాలు, ప్రాణాపాయమే. అంటే మీటరు నోరు మూసుకుని ఉండగానే మనిషి పడిపోవచ్చు. కాబట్టి కార్బన్ డయాక్సైడ్ సెన్సారు విడిగా అడిగి తెచ్చుకోండి. ఈ వాయువులు కొన్ని బరువైనవి, అడుగున పేరుకుంటాయి. పైన, మధ్యన, అడుగున, మూడు చోట్లా గొట్టం దించి కొలవండి. ఒక్కసారి కొలిచి ఊరుకోవద్దు, మనిషి లోపల ఉన్నంత సేపూ కొలుస్తూనే ఉండాలి.

గాలి పంపడానికి ఆక్సిజన్ సిలిండరు తెరిచి లోపలికి వదలవద్దు, ఆక్సిజన్ ఎక్కువైతే నిప్పురవ్వకే బట్టలు కూడా గడ్డిలా మండుతాయి. మామూలు గాలిని బ్లోయరుతో పంపాలి.

అన్నిటికన్నా ముఖ్యం: లోపల ఒకరు పడిపోతే ఇంకొకరు దూకవద్దు. తమ్ముడు పడితే అన్న దిగుతాడు, అన్న వెనుక మేస్త్రీ దిగుతాడు. పేపర్లలో "ముగ్గురు మృతి" అని వచ్చే వార్తల్లో తరచూ జరిగేది ఇదే. దిగిన మనిషి నడుముకు కట్టిన తాడు పైన ముక్కాలి కప్పీకి ఉండాలి, పైన కావలి మనిషి ఉండాలి, ఆ మనిషికి తాడు లాగడం తప్ప వేరే పని చెప్పవద్దు. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే 36వ సెక్షన్‌లో ఈ జాగ్రత్తలు రాసి పెట్టింది. ఈ సరంజామా లేకపోతే ట్యాంకు లోపలికి దిగకుండానే పరిశీలన ముగించండి. "లోపల చూడలేదు" అని నివేదికలో రాయడం చిన్నతనం కాదు.

ఇంకో సంగతి. ట్యాంకు నిండుగా ఉందా, ఖాళీనా అన్నది గోడ తట్టి తేల్చవద్దు. మొలాసిస్ నీళ్లకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు, తుప్పు పట్టిన అడుగు రేకు మీద దాని ఒత్తిడి అంతా ఉంటుంది. అమెరికాలోని బోస్టన్‌లో 1919 జనవరి 15న అలాంటి ట్యాంకే పగిలి, వీధుల్లో పాకం వరద పారి 21 మంది చనిపోయారు.

తీపి విషం, పసుపు రాళ్లు

ఫ్యాక్టరీలో చిన్న గది ప్రయోగశాల. అందరూ మిల్లు గానుగలనూ టర్బైన్లనూ చూస్తారు, ఈ గదిని ఎవరూ పట్టించుకోరు. చెరుకు రసంలో చక్కెర శాతం తేల్చడానికి రసాన్ని తేటపరచాలి, అందుకు చాలాకాలం సీసపు లవణం వాడారు. తెల్లటి పొడి. నాలుకకు తీపి! చక్కెర ఫ్యాక్టరీలో తెల్లగా, తియ్యగా ఉన్న పొడి సీసం అని ఏ పిల్లవాడికి తోస్తుంది? పగిలిన కిటికీలోంచి గదిలోకి పోయే పిల్లల సంగతి ఆలోచించండి. పాత థర్మామీటర్లలో పాదరసం ఉంటుంది. సీసాలను ముట్టవద్దు, చీపురుతో ఊడ్చవద్దు. ఫొటో తీసి, గదికి తాళం వేసి, జాబితాలో రాయండి.

రసానికి సల్ఫర్ పొగ పట్టించే కొలిమి దగ్గర పసుపు గడ్డలు మిగిలి ఉంటాయి, నిప్పు తగిలితే ఊపిరాడని పొగ వస్తుంది. సున్నం తొట్టి పైన ఎండి నేలలా గట్టిపడినా లోపల మెత్తగా ఉంటుంది, కాలు దిగితే కాలుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. పాత్రల పొర తీయడానికి వాడిన కాస్టిక్ సోడా డ్రమ్ములూ అంతే. బాయిలర్ల గొట్టాలకు చుట్టిన తెల్లటి పీచు పాత ఫ్యాక్టరీల్లో ఆస్బెస్టాస్ అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని గోకి చూడవద్దు. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ ఉండొచ్చు, మన దేశంలో వాటి తయారీని, దిగుమతిని 2016లో నిషేధించారు. నూనె కోసం, రాగి తీగ కోసం దొంగలు వాటిని బోర్లించిపోయే చోట మట్టి నల్లగా, జిడ్డుగా ఉంటుంది. మట్టి నమూనా మొదట తీయాల్సిన చోటు అదే.

పిప్పి, ఊక, బిళ్లలు

ఎండిన చెరుకు పిప్పి గుట్ట మీద నడవవద్దు, తవ్వవద్దు. లోపల బూజు పెరుగుతుంది, దాని దుమ్ము పీల్చితే వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు పిప్పి పేరే పెట్టారు: బగాసోసిస్. మామూలు గుడ్డ మాస్కు ఆపదు, ఎన్95 అయినా ఉండాలి. గుట్ట లోపల తనంతట తానే వేడి పుట్టి నిప్పు రాజుకుంటుంది కూడా.

రైస్ మిల్లు అయితే పిప్పికి బదులు ఊక బూడిద. పైన చల్లగా, వాన కురిసి నల్లగా ఉన్నా లోపల కణకణలాడే నిప్పు ఉండొచ్చు, కాలు మోకాలి దాకా దిగాక తెలుస్తుంది. పశువులు, పిల్లలు అందులో కాలు పెట్టకుండా కంచె వేయించడం కొన్నవాడి మొదటి పని. గోదాములో ధాన్యానికి పురుగు పట్టకుండా పెట్టే సల్ఫాస్ బిళ్లల డబ్బాలు మూలల్లో మిగిలిపోతాయి. తేమ తగిలితే ఫాస్ఫీన్ వస్తుంది. శుభ్రం చేద్దామని నీళ్లు చల్లవద్దు. మూసిన గోదాము తలుపులు, కిటికీలు తెరిచి, గాలి ఆడనిచ్చి, తెలిసినవారిని పిలవాలి.

మొదట్లో నేనే పొరపాటు చేశాను. మూతపడ్డ ఓ రైస్ మిల్లులో కొలత టేపు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ ఎలివేటర్ గుంత మీద పరిచిన చెక్క మీద కాలేశాను. చెక్కను చెదలు తినేశాయి. తొడ దాకా దిగాను, అడుగున తుప్పు బకెట్లు. అవతలి చివర టేపు పట్టుకున్న అమీన్ నవ్వాడు, తర్వాత ఇద్దరం నవ్వలేదు. అప్పటి నుంచి వెనక్కి నడవను, చేతిలో కర్ర లేకుండా చూడని నేల మీద అడుగేయను.

తుక్కు కోసే వేళ

ఫ్యాక్టరీ జాగా చేతులు మారగానే అందరికన్నా ముందు వచ్చేది గ్యాస్ కటింగ్ బృందం. నన్నడిగితే పరిశీలన పూర్తి కాకుండా వీళ్లను లోపలికి రానివ్వడమే అసలు తప్పు. ట్యాంకు ఖాళీ అనుకుని మంట పెడితే లోపలి సారా ఆవిరి అంటుకుంటుంది. సిమెంటు రేకులను పైనుంచి విసిరేస్తారు, పగిలిన ఆస్బెస్టాస్ దుమ్ము జాగా అంతా పడుతుంది. అప్పటిదాకా లేని కాలుష్యం అలా కొత్తగా పుడుతుంది. రేకులను తడిపి, మరలు విప్పి, పగలకుండా దించాలి. వాటి మీదకు ఎక్కి నడవడం అసలే వద్దు, వాన తిన్న రేకు మనిషి బరువు ఆపదు. ఏ ఇనుము దేనికి తగిలి ఉందో, ఏది తీస్తే ఏది పడుతుందో ఇంజనీరు గుర్తు పెట్టాకే కోత మొదలు కావాలి.

పాములు, తేనెతుట్టెలు ఉంటాయన్నది చెప్పక్కర్లేదు. మోకాలి దాకా బూట్లు, కర్ర, ఇద్దరికి తక్కువ కాకుండా మనుషులు. కాటు పడితే మంత్రం వద్దు, గంటు పెట్టవద్దు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాలి. ఎండాకాలం పదకొండు లోపే పని ముగించండి. మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు లోపల ఉండగల మనిషిని నేను చూడలేదు.

మట్టి నోరు విప్పేలా

మన వైపు రెండు రకాల నేలలు. బోధన్ పక్క నల్లరేగడి, మాక్లూర్ పక్క చెలక కూడా. రేగడి ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, పైన కారిన నూనె, ఆమ్లం ఆ నెర్రెల వెంట లోతుకు దిగుతాయి, తర్వాత నెర్రెలు మూసుకుపోతాయి. పైన మట్టి శుభ్రంగా వస్తుంది, విషం మీటరు లోతులో బయటపడుతుంది. చెలకలో నూనె ఆగకుండా నేరుగా దిగుతుంది. అందుకే ఒక్క అడుగు తవ్వి నమూనా ఇస్తే చాలదు. పై పొర, ఒక మీటరు, దాని కింద మొదటి సహజ మట్టి తగిలే దాకా తీయండి.

పది చోట్ల మట్టి తీసి ఒక్క సంచిలో కలపవద్దు. రైతులు ఎరువు పరీక్షకు అలా చేస్తారు, దానికి సరిపోతుంది. ఇక్కడ విషం ఒక మూల ఉంటుంది, తొమ్మిది మంచి నమూనాలతో కలిపితే దొరకకుండా పోతుంది. అమ్మేవాడికి అది లాభం, కొనేవాడికి నష్టం. విడివిడిగా, గాజు సీసాల్లో, ఐసు పెట్టెలో పెట్టి, ఏ చోటిదో రాసి, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు పంపండి.

ప్రహరీ అవతల ఫ్యాక్టరీ మురుగు చేరని పొలం మట్టి, బోరు నీళ్లు కూడా తీసుకోండి. గ్రానైటు నేలల్లో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. పోల్చే నమూనా లేకపోతే ఫ్యాక్టరీ చేయని నేరం దాని మీద పడుతుంది, చేసింది కనబడకుండా పోతుంది. నీళ్లను మే నెలలో ఒకసారి, వానలు తగ్గాక నవంబరులో ఒకసారి చూడాలి. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటరాదన్నది మన ప్రమాణం.

ఫలితం వచ్చే దాకా ఆ జాగాలో బోరు వేయవద్దు. బోరు రంధ్రం పై మురుగుకు కింది నీళ్లలోకి దారి చూపిస్తుంది. మురుగు గుంటల దగ్గర బర్రెలను మేపవద్దు. ఖాళీ జాగా కదా అని పుంటికూర చల్లి అంగడికి తేవద్దు.

ఏ పనికి ఏ జాగా

అన్ని పనులకూ ఒకే శుభ్రం అక్కర్లేదు. పిల్లలు మట్టిలో ఆడే చోటుకు, ఇళ్లకు, బడికి, తినే సరుకు తయారీకి (ఇప్పుడు అందరూ పసుపు ప్రాసెసింగ్ అంటున్నారు) ఎక్కువ శుభ్రం కావాలి. గోదాముకు, సోలార్ పలకలకు అంత అక్కర్లేదు, కాంక్రీటు పరిచి మట్టిని కప్పితే సరిపోయే సందర్భాలుంటాయి. అయితే కప్పిన సంగతి రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండాలి, లేకపోతే ఇరవై ఏళ్లకు మరొకడు దాన్ని తవ్వుతాడు. పని తేల్చుకుని, దానికి తగ్గట్టు శుభ్రం చేయండి. ముందు వెంచరు బ్రోచర్ అచ్చు వేయించి, తర్వాత మట్టి పరీక్షకు పోయే పద్ధతి మానుకోవాలి.

మళ్లీ ఫ్యాక్టరీగా నడపడం కూడా ఒక పునర్వినియోగమే. 2014లో ఆగిన సిర్పూర్ పేపర్ మిల్లును 2018లో మళ్లీ తెరిచారు. అయితే ఆగిన బాయిలర్‌కు తనిఖీ, ఒత్తిడి పరీక్ష లేకుండా నిప్పు పెట్టవద్దు.

విష పదార్థాన్ని డ్రమ్ముల్లో నింపి షెడ్డులో తాళం వేయడాన్ని శుభ్రం చేయడం అనరు. భోపాల్‌లో 1984 విషవాయు దుర్ఘటన జరిగిన ఫ్యాక్టరీలో అలా మిగిలిన 337 టన్నుల వ్యర్థాన్ని అక్కడి నుంచి తరలించింది 2025 జనవరిలో.

చివరగా ఒక మాట. శక్కర్‌నగర్ క్వార్టర్లలో, ఎడపల్లిలో, మన మాక్లూర్ పల్లెల్లో ఆ ఫ్యాక్టరీల్లో ఫిట్టరుగా, పాన్‌మ్యాన్‌గా, బాయిలర్ అటెండరుగా చేసి ఇంటి పట్టున ఉన్న పెద్దలు ఉంటారు. ఏ గుంత ఏ ఏడు పూడ్చారో, పాత ట్యాంకు ఎక్కడ తీసేశారో, యాసిడ్ ఎక్కడ ఒలికిందో చాలాసార్లు ఏ లేఅవుట్‌లోనూ ఉండదు, వాళ్లకే తెలుసు. గేటు తాళం కోసం అర్జీ పెట్టే ముందు ఒక పూట వాళ్ల అరుగు మీద కూర్చోండి. తెల్ల కాగితం, పెన్సిలు మీరే తీసుకుపోండి.